మేస్త్రీ లేని పుట్ట: మాస్టారి జవాబులు

పోయిన నెల ఈ పేజీలో, చీమల్నీ చెదల్నీ చూసి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లున్నారని మాటవరసకి ఒక వాక్యం రాశాను. దానికే ఇన్ని ఉత్తరాలొచ్చాయి. అందుకని ఈ నెల పేజీ మొత్తం వాటికే. రేషన్ కార్డులో పేరు మార్పు గురించి అడిగిన గరివిడి మిత్రులు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల మొదటి జవాబు మీదే.

మాస్టారూ, మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. సెలవులకి ఇంటికొచ్చి గచ్చు మీద చీమల బారు చూస్తూ కూర్చుంటున్నాడు. ఏట్రా అంటే "ప్రాజెక్టమ్మా" అంటాడు. అప్పు చేసి చదివిస్తున్నది చీమలు లెక్కపెట్టడానికా?
— ఒక తల్లి, బొబ్బిలి

కూర్చోనివ్వండమ్మా. అదే పనికి జీతం తీసుకున్నవాళ్లు బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు.

1989లో అక్కడ గాస్, ఆరన్, దెనూబూర్, పాస్టీల్స్ అనే నలుగురు ఒక చీమల గూటికీ తిండికీ మధ్య రెండు పాయల వంతెన పెట్టారు. ఒక పాయ రెండోదానికి రెట్టింపు పొడవు. ఏది దగ్గరో ఏ చీమకీ తెలీదు. మొదట్లో అటు కొన్ని, ఇటు కొన్ని పోయాయి. నడుస్తూ నేల మీద కాస్త వాసన పూస్తాయి, దాన్నే ఫెరమోన్ అంటారు. దగ్గరి దారిన పోయినవి ముందు తిరిగొస్తాయి కాబట్టి ఆ దారి మీద రెండో పూత ముందు పడుతుంది. తర్వాత వచ్చేది వాసన ఎక్కువున్న వైపు మొగ్గుతుంది, అదీ పూస్తుంది. కాసేపటికి దాదాపు బారంతా దగ్గరి దారినే. కొలిచినవాడు లేడు, చెప్పినవాడు లేడు.

మీవాడు ఇంతవరకు చదివే ఉంటాడు. అదే ప్రయోగంలో రెండో సగం చాలామంది వదిలేస్తారు. మొదట పొడుగు దారి ఒక్కటే ఇచ్చి, అరగంట పోయాక పొట్టి దారి కలిపితే ఏమైంది? చీమలు చాలా మటుకు పొడుగు దారినే పట్టుకు వేలాడాయి. అప్పటికే అక్కడ వాసన దట్టంగా ఉంది, అది తొందరగా ఆరదు. ఎదురుగా సగం దూరపు దారి కనబడుతున్నా పాత దారి వదల్లేదు.

మార్కో డొరిగో అనే ఇటలీ కుర్రాడు 1992లో మిలాన్ పాలిటెక్నిక్‌లో పీహెచ్‌డీ కోసం ఈ చీమల్ని కంప్యూటర్లోకి తెచ్చినప్పుడు, మరపు ఆయన చేతిలోనే ఉంది. ప్రతి రౌండుకీ వాసనలో ఇంత వంతు ఆవిరైపోవాలని లెక్కలో రాసుకున్నాడు. ఎక్కువ ఆవిరైతే నేర్చుకున్నదంతా పోతుంది, తక్కువైతే మొదట దొరికిన అరకొర దారికే అతుక్కుపోతుంది. మీవాడి ప్రాజెక్టులో అసలు కష్టం ఈ ఒక్క అంకె ఎంత పెట్టాలన్న దగ్గరే ఉంటుంది. కావాలంటే అడిగి చూడండి.

దీంతో ఏం చేస్తారంటారా? చీపురుపల్లి నుంచి ఒక పాల వ్యాను బయల్దేరి పది ఊళ్లు తిరిగి వెనక్కి రావాలనుకోండి. ఏ వరసలో తిరగాలి? వరసలు 18,14,400. డ్రైవరు కళ్లు మూసుకుని ఒకటి చెప్పేస్తాడు, అది పెద్ద తప్పేమీ ఉండదు. అదే ఇరవై ఊళ్లయితే 12 వేల కోట్ల కోట్ల వరసలు దాటిపోతాయి. అన్నీ చూడ్డం ఏ మెషిన్ తరమూ కాదు. కంప్యూటర్ చీమలు తలా ఒక వరస తిరిగొస్తాయి, తక్కువ దూరం తిరిగినది ఎక్కువ వాసన పూస్తుంది, కొంత ఆవిరవుతుంది, మళ్లీ బయల్దేరతాయి. అన్నిటికన్నా మంచి వరస దొరుకుతుందని హామీ లేదు. పనికొచ్చే వరస మాత్రం తొందరగా దొరుకుతుంది.

ఒక నిజం కూడా మీవాడి చెవిన వెయ్యండి. ఊళ్లు కదలవు, దూరాలు మారవు అన్నప్పుడు గణితం వాళ్ల పాత పద్ధతులే చీమలకన్నా మెరుగు. 2006లో 85,900 బిందువులున్న చిక్కుని కంకార్డ్ అనే ప్రోగ్రాముతో విప్పి, ఇంతకన్నా పొట్టి దారి లేదని రుజువు కూడా పెట్టారు. చీమలకి పట్టున్నది దారులే మారిపోతున్న చోట. 1998లో డికారో, డొరిగో కలిసి రాసిన యాంట్‌నెట్ అలాంటిదే. నెట్‌వర్క్‌లో ఏ తీగ మీద రద్దీ ఉందో చిన్న చిన్న సమాచారపు పొట్లాలు తిరిగి చూసి గుర్తులు మార్చుకుంటూ పోతాయి.

మీకూ ఓపికుంటే ఒకటి చేసి చూడండి. మా ఇంట్లో తులసికోట అడుగు నుంచి వంటింటి గడప దాకా నల్లచీమల బారు ఉంటుంది. తడిగుడ్డతో ఆ బారుకి అడ్డంగా బెత్తెడు వెడల్పున తుడిచి, తడి ఆరనివ్వండి. తడి లేకపోయినా ముందొచ్చిన చీమ అక్కడ ఆగుతుంది. మీసాలు నేలకి ఆనించి అటు కాస్త, ఇటు కాస్త తడుముకుంటుంది. వెనకొచ్చేవి దానికి తగుల్తాయి. అవతల నుంచి బెల్లం ముక్కతో వస్తున్నవీ ఆగిపోతాయి. రెండు వైపులా గుంపు కడతాయి. ఆఖరికి ఏదో ఒకటి తెగించి దాటుతుంది. దాని వెనక వచ్చేది కాస్త తక్కువ తడబడుతుంది, ఆ వెనకది ఇంకా తక్కువ. కాఫీ తాగి వచ్చేసరికి తుడిచిన చోటు ఏదో కూడా తెలీదు. ప్రాజెక్టు అయ్యేదాకా చీమలమందు సుద్ద గీత మాత్రం గియ్యకండి.

"చీమలు పెట్టిన పుట్టల్లో పాములు చేరాయి" అని పిల్లలకి చెబుతుంటాం. పుట్ట నిజంగా చీమలే పెడతాయా? లోపల మేస్త్రీ ఎవరు?
— తెలుగు ఉపాధ్యాయుడు, నరసన్నపేట

నాగులచవితికి మనం పాలు పోసే ఆ పెద్ద మట్టి పుట్టలు చెదలవి మాస్టారూ. సామెత చెదలకి అన్యాయం చేసింది, మీరూ నేనూ ఇప్పుడు దిద్దలేం.

మేస్త్రీ లేడు. రాణి ఉంటుంది కానీ దాని పని గుడ్లు పెట్టడం, హుకుములు ఇవ్వడం కాదు. ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు పియేర్ పాల్ గ్రాసే 1959లో చెప్పిందేమిటంటే, చెదపురుగుకి పని చెప్పేది అంతకుముందు జరిగిన పనే. ఉమ్మి కలిపిన మట్టి ముద్ద ఒకటి ఎక్కడో పడుతుంది. ఇంకో పురుగు తన ముద్దని ఉన్న ముద్ద పక్కనే పెడుతుంది. ముద్దల కుప్ప స్తంభమవుతుంది. దగ్గరదగ్గర రెండు స్తంభాలుంటే ఒకదాని వైపొకటి ఒంగి కమాను అవుతాయి. ముద్దలోని వాసన పిలుస్తుందా, లేక తవ్విన చోటే పిలుస్తుందా అన్న దాని మీద పురుగుల శాస్త్రవేత్తలు ఇంకా తగువులాడుకుంటున్నారు. పెత్తనం లేదన్న దగ్గర మాత్రం తగువు లేదు.

2014లో అప్పట్లో హార్వర్డ్‌లో ఉన్న రాధికా నాగ్‌పాల్ బృందం ఈ పద్ధతిలో ఇటుకలు పేర్చే మరబొమ్మల్ని చేసింది. కట్టాల్సిన ఆకారాన్ని ముందే ఇస్తారు, కంప్యూటర్ దాన్ని రోడ్డు నియమాల్లాంటి చిన్న చిన్న సూత్రాలుగా విడగొడుతుంది. ఆ తర్వాత ఏ మరబొమ్మా ఇంకోదానితో మాట్లాడదు. ఎదురుగా ఇటుక ఎంత ఎత్తున ఉందో చూసుకుని పెట్టి పోతుంది. మధ్యలో ఒకదాన్ని ఎత్తుకుపోయినా మిగతావి పని ఆపవు. అదే ఏడాది ఆ బృందమే 1,024 బుల్లి మరబొమ్మల్ని బల్ల మీద వదిలింది. ఒక్కోటీ అంగుళంపావు ఉంటుంది, సన్నటి ఇనుప కాళ్లు వణికించుకుంటూ జరుగుతుంది. కట్టాల్సిన ఆకారం అన్నిటికీ ముందే ఇచ్చారు. అది కాక పక్కవాటి కబుర్లూ, వాటి దూరమూ తప్ప ఇంకేం తెలీదు. నాలుగింటిని గుర్తుగా ఒకచోట పెడితే మిగతావన్నీ వాటిని పట్టి నక్షత్రం ఆకారంలోకి సర్దుకున్నాయి. ఎంతసేపట్లో అనుకుంటున్నారు? దాదాపు పన్నెండు గంటలు! వీడియోలో పరుగులు పెడుతున్నట్టు కనబడితే నమ్మకండి, అది తొందరగా తిప్పిన బొమ్మ.

మా జీడితోటలో ఎర్రచీమలు ఆకులు కుట్టి గూళ్లు కడతాయి. పిక్కలు ఏరడానికి వెళ్తే ఒళ్లంతా కుట్టి పెడతాయి. వీటి మీదా పరిశోధనలున్నాయా, లేక మాకే ఈ ఖర్మా?
— ఒక రైతు, పలాస

ఉన్నాయి. రెండాకుల మధ్య ఎడం ఎక్కువుంటే ఒక చీమ నడుం ఇంకోటి పట్టుకుని గొలుసు కడతాయి, లాగుతాయి. అంచులు కలిశాక ఇంకో జట్టు తమ పిల్లపురుగుల్ని నోట కరిచి తెస్తుంది. ఆ పిల్లల నోట్లోంచి వచ్చే పట్టుదారంతోనే కుట్టు. అంటే మీ తోటలో పసివాళ్లకీ పనే. ఒకటొకటిగా చెయ్యలేనిది ఒకదాన్నొకటి పట్టుకుని చెయ్యడం అన్న ఆలోచనతో 2001 నుంచి 2005 దాకా యూరప్‌లో స్వార్మ్-బాట్స్ అనే ప్రాజెక్టు నడిచింది. డొరిగోయే దానికి పెద్ద. ఆ మరబొమ్మలు ఒకదాని నడుం ఒకటి పట్టుకుని సందులు దాటేవి, బరువులు లాగేవి.

కుట్టుకి మందు నా దగ్గర లేదు. పగ తీర్చుకోవాలంటే ఒడిశాలోని మయూర్‌భంజ్ వెళ్లండి. అక్కడ ఈ చీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు.

ఆకాశంలో గుంపుగా తిరిగే పక్షులు ఒకదాన్నొకటి ఎందుకు గుద్దుకోవు? తేలినీలాపురం పక్షుల కేంద్రం దగ్గర ఉంటాం, రోజూ ఇదే అనుమానం.
— ఇంటర్ విద్యార్థిని, టెక్కలి

1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ కంప్యూటర్ తెర మీద పక్షుల గుంపుని మూడు సూత్రాలతో ఎగరేశాడమ్మా. పక్కవాటికి మరీ దగ్గరగా పోకు. అవి ఎటు పోతుంటే అటు తిరుగు. గుంపు నడిమికి జరుగు. అంతే. 2008లో రోమ్ మీద ఎగిరే గోరింక జాతి పిట్టల్ని ఫొటోలు తీసి కొలిస్తే, ఒక్కో పిట్టా దూరంతో పని లేకుండా దగ్గరున్న ఆరేడు పిట్టల్నే గమనిస్తోందని తేలింది. మీ ఊరి గూడబాతులు బారు తీరి ఎగరడం మాత్రం వేరే సంగతి, అది ముందున్న పక్షి రెక్కల గాలిని వాడుకోవడానికి.

మాస్టారూ, ఎంటెక్ చేస్తున్నాను. మా గైడు సార్ "ఎవరూ ముట్టుకోని జంతువుని వెతుకు, దాని పేరుతో అల్గారిదమ్ చేసేద్దాం, పేపరు పడిపోతుంది" అంటున్నారు. తోడేలు, తిమింగలం, గబ్బిలం, కోకిల అన్నీ అయిపోయాయి. నాగావళిలో వాలుగ చేప ఎలా ఉంటుందంటారు? మంచి పేపర్లు చదవాలంటే ఎక్కడ వెతకాలో కూడా చెప్పండి.
— పేరూ, కాలేజీ రాయొద్దన్నాడు, శ్రీకాకుళం జిల్లా

వాలుగని పొందూరు వాళ్లకి వదిలెయ్ నాయనా. దాని దవడతో వాళ్లు పత్తి దువ్వి సన్న ఖద్దరు నేస్తున్నారు, ఆ చేపకి ఆ గౌరవం చాలు.

మీ సార్ ఒక్కరే అనుకోకు. ప్రకృతిని చూసి అల్గారిదమ్‌లు, అంటే లెక్క తేల్చే పద్ధతులు, రాసే ఈ రంగమంతా ఈ జబ్బు పడి లేచింది, పూర్తిగా లేవలేదు కూడా. మొదట్లో జంతువు పేరు ఊరికే రాలేదు. 1975లో జాన్ హాలండ్ జన్యువుల్ని తెచ్చాడంటే వెనక గణితం ఉంది. 1995లో కెనడీ, ఎబర్‌హార్ట్ అనే ఇద్దరు, ఒకాయన మనస్తత్వ శాస్త్రం, ఇంకొకాయన ఇంజినీరు, పక్షుల గుంపు చూసి, జవాబు వెతికే ప్రతి చుక్కా (దాన్ని కణం అంటారు) తన మంచి చోటునీ గుంపు మంచి చోటునీ గుర్తుపెట్టుకునే పద్ధతి తెచ్చారు. అది నిజంగా కొత్తది. 2000 దాటాక వరద మొదలైంది. ఏ జంతువూ మిగల్లేదు, నీటిబొట్లూ సంగీత వాద్యాలూ కూడా వచ్చేశాయి.

అప్పుడు ఇంట్లోవాళ్లే తిరగబడ్డారు. సంగీతం పేరుతో వచ్చిన హార్మనీ సెర్చ్, అంతకు చాలా ముందే ఉన్న పరిణామ పద్ధతుల్లో ఒక ప్రత్యేక సందర్భమేనని 2010లో వేలాండ్ చూపించాడు. 2015లో కెనెత్ సోరెన్‌సెన్ ఈ ఉపమానాల పిచ్చి మీద ఘాటైన వ్యాసం రాశాడు. నీటిబొట్ల అల్గారిదమ్ అంతా చీమల పద్ధతిలో ఇమిడిపోయేదేనని డొరిగో, స్టుట్స్‌లె, కమాచో-విలాలోన్ సమీకరణాలు పక్కపక్కన పెట్టి చూపించారు. తర్వాత అదే ముగ్గురు తోడేలు, తిమింగలం, మిణుగురు, గబ్బిలం వగైరా ఆరింటినీ వరసగా విప్పేశారు. చీమల పేరు పెట్టిన మనిషే జంతువుల పేర్లు చాలించండని అడగడం నాకు భలే నచ్చింది.

ఇంకా పెద్ద తంటా ఉంది. ఇది నువ్వు ఇవాళే మీ ల్యాబులో చూడొచ్చు. ఇలాంటి పేపర్లలో పరీక్షకి స్ఫియర్, రాస్ట్రిగిన్, ఆక్లీ అనే ఫంక్షన్లు పెడతారు, అన్నిటికన్నా లోతైన చోటు కనిపెట్టమనే లెక్కలివి. వీటన్నిటికీ సరైన జవాబు సున్నా దగ్గరే ఉంటుంది. కొన్ని అల్గారిదమ్‌ల లోపల, తెలిసో తెలియకో, మధ్యకి లాగే మెలిక ఉంది. అవి వెతకనక్కర్లేదు, ఊరికే సున్నాలోకి జారిపోతాయి. 2022లో కూడెలా అనే చెక్ దేశపు పరిశోధకుడు ఈ గుట్టు బయటపెట్టాడు. తోడేలు ప్రోగ్రాము తీసుకో. మామూలు స్ఫియర్ మీద నడుపు, జవాబు పక్కన దశాంశం తర్వాత సున్నాల బారు చూసి ముచ్చటేస్తుంది. ఇప్పుడు ప్రతి చలరాశిలోంచీ 37.5 తీసేసి మళ్లీ నడుపు. లోయ అదే, కొంచెం పక్కకి జరిపావంతే. ఆ సున్నాల్లో ఎన్ని మిగిలాయో చూడు. మీ సార్ పక్కనుండగా చూస్తే మరీ మంచిది.

గైడుతో తగువు పెట్టుకోమనను. డిగ్రీ ఆయన చేతిలో ఉంది. జర్నల్ ఆఫ్ హ్యూరిస్టిక్స్ లాంటి పత్రికలు, కేవలం కొత్త ఉపమానంతో వచ్చే అల్గారిదమ్‌లు మాకొద్దని తమ నియమాల్లోనే రాసుకున్నాయి. ఆ పేజీ ప్రింటు తీసి, "సార్, వీళ్లు ఇలా రాశారు, మనం ఏం చేద్దామంటారు" అని అడుగు. పోలిక పేపరు రాద్దామన్న ఆలోచన ఆయనకే వచ్చినట్టుంటే సగం పని అయిపోతుంది. పాత పది అల్గారిదమ్‌లని జరిపిన ఫంక్షన్ల మీద నడిపి, ఏది నిలబడిందో నిజాయితీగా రాస్తే అదీ పరిశోధనే, అడిగేవాళ్లకి జవాబూ చెప్పగలవు.

మంచి పేపర్లు చదవాలంటే ఎక్కడ వెతకాలని అడిగావు. 1998లో బ్రస్సెల్స్‌లో మొదలై రెండేళ్లకోసారి జరిగే యాంట్స్ సమావేశం, 2007 నుంచి వస్తున్న స్వార్మ్ ఇంటెలిజెన్స్ పత్రిక, వీటితో మొదలుపెట్టు. ఇంకా వెనక్కి పోవాలనుంటే 1987లో లాస్ అలమోస్‌లో క్రిస్ లాంగ్టన్ కృత్రిమ జీవం మీద పెట్టిన మొదటి సభ వ్యాసాలు చదువు. అందులో తిక్క కూడా ఉంటుంది, నాకది ఇష్టం.

టీకాలు వేసే ఉద్యోగం నాది. ఒంట్లో రోగనిరోధక శక్తి ఉన్నట్టు కంప్యూటర్‌కీ పెట్టారని విన్నాను. నిజమేనా?
— ఏఎన్ఎం, ఆమదాలవలస

ప్రయత్నించారమ్మా. 1994లో స్టెఫనీ ఫారెస్ట్, ఇంకో ముగ్గురు కలిసి రాసిన పేపరు దీనికి మొదలు. ఆ ముగ్గురిలో ఒకరి ఇంటిపేరు చెరుకూరి అని కనబడేసరికి నాకు ఊళ్లోవాళ్లు తగిలినట్టయింది. మన గుండె పైన ఉండే థైమస్ గ్రంథి, సొంత ఒంటినే శత్రువనుకునే కణాల్ని ఏరి పారేసి మిగిలినవాటిని కాపలాకి పంపుతుందని మీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. వీళ్లూ అదే చేశారు. గుర్తుపట్టే ముక్కల్ని ఇష్టమొచ్చినట్టు తయారు చేసి, మెషిన్‌లోని మంచి ఫైళ్లతో సరిపోలినవాటిని పారేసి, మిగిలినవాటితో కాపలా పెట్టారు. ఆలోచన అందంగా ఉంది. కాపాడాల్సింది పెద్దదయ్యేకొద్దీ కాపలా ముక్కల సంఖ్య లెక్కకందకుండా పెరిగిపోవడం దాని చిక్కు. కాబట్టి మీ ఆఫీసు కంప్యూటర్‌కి మామూలు యాంటీవైరస్ తీసెయ్యకండి.

మాది సోంపేట, హైదరాబాద్‌లో క్లౌడ్ ఉద్యోగం. మా సిస్టమ్ "తనంతట తానే బాగుపడుతుంది" అని కస్టమర్లకి చెబుతారు. రాత్రి రెండింటికి ఫోను మాత్రం నాకే వస్తుంది. ఎవరు బాగుపడుతున్నట్టు?
— నిద్ర చాలని ఇంజినీరు

ఈ మాటలు 2001 నుంచి ఉన్నాయి బాబూ. ఐబీఎమ్‌లో పరిశోధన పెద్ద పాల్ హార్న్, సాఫ్ట్‌వేర్ మనుషులు మోయలేనంత చిక్కుపడిపోతోంది, మనకి తెలియకుండా గుండె కొట్టుకున్నట్టు కంప్యూటర్లు తమని తాము సర్దుకోవాలని పిలుపిచ్చాడు. వాళ్ల పద్ధతి ఇది: చూడు, విశ్లేషించు, ప్లాను వెయ్యి, చెయ్యి, మళ్లీ చూడు. దీని లోపల మేస్త్రీ ఉన్నాడు, కాకపోతే ఆ మేస్త్రీ ప్రోగ్రాము. వాడికి ఏది జబ్బో ముందే ఎవరో రాసిపెట్టాలి. రాయని జబ్బు వస్తే రీస్టార్ట్ చేస్తాడు, మళ్లీ రీస్టార్ట్ చేస్తాడు, ఆ తర్వాత నీకు ఫోను చేస్తాడు.

మేస్త్రీ లేని పద్ధతి కూడా నీ దగ్గరే ఉండొచ్చు. కసాండ్రా డేటాబేస్ వాడుతుంటే, అందులో ఒక్కో మెషిన్ సెకనుకోసారి మహా అయితే ముగ్గురు తోటివాళ్లని పలకరించి, ఎవరు బతికున్నారో ఎవరు పోయారో చెప్పుకుంటుంది. పెళ్లింట్లో కబురు పాకినట్టే. తెలిసినవాళ్లు ప్రతి సెకనుకీ రెట్టింపైతే వెయ్యి మెషిన్లకి పది సెకన్లు చాలు. చివర్లో తెలిసినవాళ్లకే మళ్లీ చెప్పుకోవడం వల్ల ఇంకాస్త పడుతుంది. ఈ కబుర్ల లెక్కని 1987లోనే జిరాక్స్ పరిశోధనశాలలో డెమర్స్ బృందం, అంటురోగాలు పాకే తీరుని బట్టి వేసింది. ఐబీఎమ్ దారిన వచ్చినవాళ్లకీ, చీమల దారిన వచ్చినవాళ్లకీ చాలాకాలం వేర్వేరు సమావేశాలుండేవి. 2020లో రెండూ కలిపేశారు. మీ డ్యూటీ రోస్టరు సంగతి వాళ్ల చేతిలో లేదు, మేనేజరుని అడుగు.

తాతగారూ, "గేమ్ ఆఫ్ లైఫ్" కంప్యూటర్ లేకుండా ఆడొచ్చా? మా ఇంట్లో కంప్యూటర్ లేదు.
— ఎనిమిదో తరగతి, గజపతినగరం

జాన్ కాన్వే దాన్ని కనిపెట్టిందే బల్ల మీద బిళ్లలతో బుజ్జీ. 1970లో అది అచ్చయింది. గళ్ల కాగితం, చింతపిక్కలు తీసుకో. ఒక్కో గడికి చుట్టూ ఎనిమిది గళ్లు పొరుగు. పిక్క ఉన్న గడికి రెండో మూడో పిక్కలు పొరుగునుంటే అది బతుకుతుంది, లేకపోతే పోతుంది. ఖాళీ గడికి సరిగ్గా మూడు పిక్కలు పొరుగునుంటే అక్కడ కొత్తది పుడుతుంది. అన్నీ ఒకేసారి జరగాలి, అక్కడే అందరూ తప్పుతారు. అందుకని చచ్చేవాటి మీద సుద్దచుక్క పెట్టు, పుట్టే చోట సీతాఫలం గింజ పెట్టు. అంతా చూశాక చుక్కలున్నవి తీసేసి, గింజల చోట పిక్కలు పెట్టు.

మొదట మూడు పిక్కలు వరసగా పెట్టి చూడు, నిలువూ అడ్డం మారుతూ ఉంటాయి. తర్వాత మూడు వరసలు తీసుకుని, మొదటి వరసలో మధ్య గడిలో, రెండో వరసలో కుడి గడిలో, మూడో వరసలో మూడింట్లోనూ పెట్టు. నాలుగు తరాలు తిప్పితే అదే బొమ్మ ఒక గడి కిందకీ ఒక గడి కుడికీ జరిగి ఉంటుంది. మొదటి వరసలో మధ్యదీ కుడిదీ, రెండో వరసలో ఎడమదీ మధ్యదీ, మూడో వరసలో మధ్యది పెడితే అదీ అయిదు పిక్కలే, కానీ సర్దుకోవడానికి 1,103 తరాలు పడుతుంది. దానికి మాత్రం మీ బడి కంప్యూటర్ ఖాళీ అయ్యేదాకా ఆగు.